ట్రేలో ఏడో ముక్క

శుభవార్త సరిగ్గా పదకొండూ పదికి వచ్చింది.

గనివాళ్ల టెస్టింగ్ ఆఫీసు నుంచి ఫోను. ల్యాబులో తయారైన కొత్త ఉక్కు పాసైంది. అడిగినదానికి ఒకటిన్నర రెట్లు బరువు వేసి లాగినా తెగలేదట. ఆ ఉక్కుతో చేసిన నాలుగు లింకులు మూడు రోజులుగా గని లిఫ్టు పైన బిగించి ఉన్నాయి. లిఫ్టును రోపుకు కలిపేవి ఆ నాలుగే. ఈ ఒక్క ఫోను కోసమే మూడు రోజులుగా గనిలో షిఫ్టులు ఆపేశారు. ఇక రేపు ఉదయం ఆరింటికి నలభై మందితో మొదటి ట్రిప్పు దిగుతుంది.

అయిదు నిమిషాల్లో ల్యాబులోని పాతికమందీ మీటింగు హాల్లో పోగయ్యారు. పెద్దసారు తర్వాత అక్కడ అంతటివాడైన చిన్నసారు కుర్చీ ఎక్కి ఇంకో మాట చెప్పాడు. లింకులు చేసిన చోటి నుంచి ఒక మనిషి మొదటి ట్రిప్పులో దిగడం ఆ గనిలో పాత అలవాటు. ఆ మనిషి రేపు కుంపటి బాబాయే.

కుంపటి బాబాయ్ అంటే ఫర్నేస్ ఆపరేటర్. ముప్ఫై ఒక్క ఏళ్లుగా మంట ముందే నిలబడ్డవాడు కాబట్టి ఆ పేరు పడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, ఒక మూలకి వెళ్లి ఇంటికి ఫోన్ చేసుకున్నాడు. రేపు ఇస్త్రీ చొక్కా కావాలని భార్యకి చెప్పడం పక్కనున్నవాళ్లు విన్నారు.

హాలుకి రానిది ఒక్క పెద్దసారే. పన్నెండూ అయిదుకి ఆయన్ని పిలవడానికి కుంపటి బాబాయే వెళ్లాడు. ఫర్నేస్ కింద ఆరడుగుల గొయ్యిలో, మోకాళ్ల మీద, గోడకి నుదురు ఆనించి ఉన్నారు పెద్దసారు. ప్రాణం లేదు.

*

డిటెక్టివ్ ల్యాబు గేటు దాటేసరికి ఒంటిగంటా పదిహేను. పెళ్లయి ఇరవై రెండు రోజులు. భర్త కొనిచ్చిన గడియారంలో సెకన్ల ముల్లు ఎర్రగా ఉంటుంది. ఆ ముల్లుని చూడ్డానికే అవసరం లేకపోయినా టైము చూసుకోవడం ఆమెకి కొత్తగా అలవాటైంది. ఇవాళ మాత్రం ఆ ముల్లు వైపు చూస్తే సంతోషం కలగలేదు.

ఆమెని పిలిపించింది పెద్దసారు భార్య. ఆవిడ ఏడవడం లేదు. పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ భర్త అన్న మాటని మార్చకుండా రెండుసార్లు చెప్పింది. “ఫోన్లో పాసైందని చెప్పినా సరే, ఆ లింకులు దింపించేస్తాను. నేను దిగను, ఎవర్నీ దిగనివ్వను.” కారణం అడిగితే ముందు ఒకసారి మైక్రోస్కోపులో చూసుకోవాలి అన్నారట. తర్వాత ఆయన్నుంచి ఫోన్ లేదు. ఆ మాట అన్న మనిషి ఆ పూటే పోవడం మామూలు ప్రమాదమని నమ్మలేనని ఆవిడ చెప్పింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే అక్కడున్నాడు. పోయిన సంవత్సరం ఒక కేసులో ఆయన అరెస్టు చేసిన మనిషిని ఆమె నిర్దోషిగా బయటికి తెచ్చింది. ఆ గుర్తు ఆయన మీసం కింద నవ్వులో ఇంకా ఉంది.

“కొత్త పెళ్లికూతురికి శవాల దగ్గర ఏం పని మేడమ్? ఇంట్లో ఆయనకి అన్నం ఎవరు పెడతారు?”

“ఆయనే వండుకుంటారు ఇన్‌స్పెక్టర్ గారూ. ఈ పూట నాక్కూడా కట్టిచ్చారు. ఆకలేస్తే చెప్పండి, మీకూ పెడతాను.”

కానిస్టేబుల్ దగ్గినట్టు నటించి అటు తిరిగాడు.

ఇన్‌స్పెక్టర్ కేసు అప్పటికే కట్టేశాడు. ఫర్నేస్‌లో లోహానికి గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ వదులుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికన్నా బరువు కాబట్టి గొయ్యిలోకి దిగి నీళ్లలా నిలబడుతుంది. అందులోకి దిగినవాడికి రెండు శ్వాసలు చాలు. ఆపరేటర్ గ్యాస్ వాల్వు సరిగ్గా కట్టలేదు. కింద వైరు చూడ్డానికి దిగిన పెద్దసారు పోయారు. నిర్లక్ష్యం వల్ల మరణం. సాయంత్రం అయిదింటికి ఆపరేటర్ అరెస్టు.

“ఎప్పుడు పోయారంటారు?” అని అడిగింది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ ఫర్నేస్ పక్కనున్న రిజిస్టరు ముందుకి తోశాడు. ఇవాళ్టి తేదీ కింద ఒకే వరస. కొత్త ఉక్కు, ఆరు ముక్కలు. లోపలికి 10:00. బయటికి, నూనెలోకి 11:30. ముక్కల్ని బయటికి తీసి, ఎర్రగా ఉన్నప్పుడే నూనె తొట్టిలో ముంచి, టైము రాసి, ఆ తర్వాత గొయ్యిలోకి దిగారు. అంటే పదకొండున్నర దాటాక పోయారు. అప్పుడు ల్యాబు మొత్తం హాల్లోనే ఉంది కాబట్టి హత్య అనే మాటకే తావు లేదు. డాక్టరు కూడా పదికీ పన్నెండుకీ మధ్య అన్నాడు.

డిటెక్టివ్ గది చూసింది. పెద్ద గదేం కాదు. మధ్యలో నిలువు ఫర్నేస్, దాని పక్కన గొయ్యి, నాలుగడుగుల అవతల నూనె తొట్టి. గోడకి రెండు మేకులు, వాటికి రెండు జతల తోలు గ్లవుజులు. ఇనుప నిచ్చెన గోడ వారన పడుకోబెట్టి ఉంది.

“నిచ్చెన ఎవరు పైకి తీశారు?”

ఎవరూ తీయలేదన్నాడు కుంపటి బాబాయ్. తను వచ్చేటప్పటికే అది గోడ వారన ఉందట. వాల్వు కట్టేసి, ఫ్యాను వేసి, ఊపిరి బిగబట్టి తాడు పట్టుకుని దిగానని చెప్పాడు. రెండు అరచేతులూ తాడు ఒరిపిడికి ఎర్రగా లేచిపోయి ఉన్నాయి. నిచ్చెన లేకుండా పెద్దసారు దిగలేరు. దిగినవాళ్లు నిచ్చెన తామే పైకి లాగి పడుకోబెట్టరు.

“ఆ మాట చెప్పేది ఆయనొక్కడే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఆయన్ని నమ్మేముందు గ్లవుజులు కూడా చూసుకోండి.”

ముంచేటప్పుడు నూనె చిందుతుంది. పెద్దసారు గ్లవుజులు పొడిగా ఉన్నాయి. బాబాయ్ గ్లవుజుల మీద తడి ఆరని నూనె మరకలు. ఆ గ్లవుజులు తను పొద్దున్నుంచి ముట్టుకోలేదని, ఈ ట్రే సంగతి తనే చూసుకుంటానని పెద్దసారు తొమ్మిదిన్నరకే తనని పంపేశారని బాబాయ్ చెప్పాడు. వాల్వు తొమ్మిదింటికి స్వయంగా బిగించాడట. పదీ ఇరవై నుంచి పదీ యాభై దాకా క్యాంటీన్లో టీ. ఆ తర్వాత స్టోర్సులో నూనె డ్రమ్ములు దింపించుకుని, అక్కణ్ణుంచే హాలుకి. వేడి ఎప్పుడెంతుందో కాగితం మీద గీసే పెన్ను నెల నుంచి పనిచేయడం లేదు. కాబట్టి తలుపు ఎప్పుడు తెరిచారో చెప్పే సాక్ష్యం రిజిస్టరు తప్ప మరేదీ లేదు.

*

చిన్నసారు గది శుభ్రంగా ఉంది. మనిషీ అంతే. నలభై దాటలేదు, మాట మెత్తన. డిటెక్టివ్‌కి కుర్చీ తనే జరిపాడు. ఆ కొత్త ఉక్కుకి పన్నెండేళ్లు ఖర్చుపెట్టానని, పెద్దసారు తనకి తండ్రిలాంటివారని చెప్పి కళ్లజోడు తీశాడు. పదింటి నుంచి పదకొండూ పది దాకా ఈ గదిలోనే ఒంటరిగా రిపోర్టు రాసుకున్నాడు. ఫోను ఎత్తింది తనే. అప్పటి నుంచి పన్నెండు దాకా పాతికమంది కళ్ల ముందే.

పెద్దసారికి లింకుల మీద అనుమానం ఉండేదా అని ఆమె అడిగింది.

“పెద్దవాళ్లకి ప్రతి దానిమీదా ఉంటుంది మేడమ్. లోహానికి అనుమానాలుండవు. లాగి చూశారు, తెగలేదు. అంతకన్నా ఏం కావాలి?”

“మొదటి ట్రిప్పులో మీరెందుకు దిగడం లేదు?”

అతను తడుముకోలేదు. పెద్దసారే దిగాలట, మోకాళ్ల నొప్పి వల్ల మానుకున్నారట. ఆ గౌరవం బాబాయ్‌కి దక్కితే బాగుంటుందని ఇద్దరూ అనుకున్నారట. ఇంత జరిగాక కూడా అతని గొంతులో బాబాయ్ మీద జాలే వినిపించింది. ఆమెతో పాటు వరండాలోకి వచ్చి ఇన్‌స్పెక్టర్ని బతిమాలాడు. అరెస్టు ఒక్కరోజు ఆపాలి, పూచీ తను ఉంటాడు. “ముప్ఫై ఒక్క ఏళ్ల చాకిరీ సార్. రేపు ఒక్కసారి ఆ లిఫ్టులో దిగనివ్వండి. తర్వాత మీ ఇష్టం.”

ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. వరండా చివర బెంచీ మీదున్న బాబాయ్ మాత్రం చిన్నసారుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

*

మైక్రోస్కోపు గదిలో పనిచేసే అమ్మాయి ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది. అయినా బల్ల మీద వస్తువులన్నీ వరసగా సర్దుకుంది. పదీ ఇరవై నుంచి పదీ యాభై దాకా బాబాయ్ తన ఎదురుగానే కూర్చుని టీ తాగాడని, తన బిస్కెట్లు కూడా రెండు తినేశాడని చెప్పింది. నవ్వబోయి మళ్లీ ఏడ్చింది.

డిటెక్టివ్ తన బ్యాగులోంచి డబ్బా తీసి సగం అన్నం మూతలో పెట్టి ఆమె ముందుకి జరిపింది. ఇద్దరూ నాలుగు ముద్దలు తిన్నారు. కూరలో ఉప్పు ఎక్కువైంది. డిటెక్టివ్‌కి అది కూడా ముద్దుగానే తోచింది.

తర్వాత పనిలోకి దిగింది. ఉక్కు లోపల ఏముంటుందో చెప్పమంది.

“ఉక్కంటే ఒకే ముద్ద కాదు మేడమ్. గచ్చులో పలకలు పరిచినట్టు చిన్న చిన్న గ్రెయిన్లు అతుక్కుని ఉంటాయి. అవి ఎంత చిన్నగా ఉంటే ఉక్కు అంత బలం. వేడిలో ఉన్నకొద్దీ ఒకదాన్నొకటి మింగి పెద్దవవుతాయి. మా కొత్త ఉక్కులో చిటికెడు వేరే లోహం కలిపాం. అది ఆ అంచుల్లో మేకులు కొట్టినట్టు కూర్చుని గ్రెయిన్లని పెరగనివ్వదు. అరగంట పెట్టినా ఒకటే, ఒకటిన్నర గంట పెట్టినా ఒకటే. చిన్నసారు ఎక్కడికెళ్లినా గొప్పగా చెప్పేది అదే.”

“అయితే నూనెలోంచి తీసిన ముక్కలు ఫర్నేస్‌లో ఎంతసేపు ఉన్నాయో చెప్పలేమన్నమాట.”

చెప్పలేమంది ఆ అమ్మాయి.

డిటెక్టివ్ లేచి ఫర్నేస్ గదికి వెళ్లి, కానిస్టేబుల్ ముందు నూనె తొట్టిలోని ట్రే పైకి లాగించి లెక్కపెట్టింది. రిజిస్టరులో ఆరు. ట్రేలో ఏడు. ఏడోది ట్రే అడుగున ఒక మూలకి సన్నటి తీగతో కట్టి ఉంది.

బాబాయ్‌ని పిలిచి అడిగింది. ఆయన వంగి ఆ ముక్కనీ, దాని తీగనీ చూశాడు.

“అది మామూలు ఉక్కమ్మా. పెద్దసారు అలవాటు. ఫర్నేస్ సరిగ్గా కాలుస్తోందో లేదో తెలుసుకోవాలంటే ఏమీ కలపని ముక్కనే అడగాలనేవారు. ప్రతి ట్రేలోనూ ఒకటి కట్టేవారు. రిజిస్టరులో రాసేవారు కాదు. చిన్నసారు నవ్వేవారు, తాతల కాలం చాదస్తమని. ఈ మధ్య ఆయనసలు అటు చూడ్డమే మానేశారు.”

“దీంట్లో గ్రెయిన్లు పెరుగుతాయా?”

“సుబ్బరంగా పెరుగుతాయి.”

అప్పుడు రెండూ నలభై. అమ్మాయి ముక్కని కోసి, గరుకు కాగితాల మీద వరసగా అరగదీసి, అద్దంలా మెరిసేదాకా రుద్ది, ఆసిడ్‌లో ముంచి తీసేసరికి నాలుగయింది. మైక్రోస్కోపు గది గోడ మీద పెద్దసారు అంటించిన ఫొటోలు మూడున్నాయి. మామూలు ఉక్కు ఇదే వేడిలో అరగంటకి, గంటకి, ఒకటిన్నర గంటకి ఎలా ఉంటుందో చూపించే ఫొటోలు. మూడోదాంట్లో గ్రెయిన్లు మొదటిదాని కన్నా మూడింతలున్నాయి.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ని పిలిపించి ముందు ఆయన్నే చూడమంది.

ఆయన ఒక కన్ను మూసి లెన్సులోకి చూశాడు. గోడ వైపు చూశాడు. మళ్లీ లెన్సులోకి చూశాడు. రెండో ఫొటో దగ్గర ఆగకుండా మొదటి ఫొటో మీద వేలు పెట్టాడు.

“అరగంట,” అన్నాడు.

“పదింటికి పెట్టిన ట్రే పదిన్నరకి బయటికొచ్చింది. రిజిస్టరులో పదకొండున్నర అని రాసింది పెద్దసారు కాదు. ఆయన పదిన్నరకే గొయ్యిలో ఉన్నారు. ఆయన దిగాక ఎవడో గ్యాస్ వాల్వు తిప్పి, నిచ్చెన పైకి లాగేశాడు. ఆ టైముకి బాబాయ్ క్యాంటీన్లో పదిమంది మధ్య బిస్కెట్లు తింటున్నాడు. పదకొండు దాటాక ఫోను వస్తుందని, అందరూ హాల్లో పోగవుతారని తెలిసినవాడెవడో బాబాయ్ గ్లవుజులు తొడుక్కుని ఆ ట్రే తీశాడు. కొత్త ఉక్కులో టైము దొరకదని కూడా వాడికి తెలుసు.”

ఇన్‌స్పెక్టర్ మీసం సర్దుకున్నాడు. “ఎవడో తెలుస్తూనే ఉంది. కోర్టులో ఏం చెప్తాం? నేను గదిలో రిపోర్టు రాసుకుంటున్నానంటాడు. కాదనడానికి మన దగ్గర ఉన్నది ఒక ఇనప ముక్క. అసలు చంపాల్సినంత అవసరం ఏమొచ్చింది?”

దానికి జవాబు అమ్మాయి దగ్గరుంది. అది జవాబని ఆమెకే తెలియదు. తొమ్మిదిన్నర దాటాక పెద్దసారు చిన్న ముక్కొకటి తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టుకున్నారు. లింకులతో పాటే, లింకు మందంతోనే, అదే ఫర్నేస్‌లో కాల్చిన ముక్క అది. చూశాక నేరుగా చిన్నసారు గదివైపు నడిచారు. ఆ ముక్క ఇప్పుడు బల్ల మీద లేదు. కానీ దాని ఫొటో కంప్యూటర్లో ఉంది. తెర మీద గ్రెయిన్లు చిన్నగా, అందంగా ఉన్నాయి. కాకపోతే ప్రతి గ్రెయిన్ చుట్టూ నల్లటి గీత, ఎక్కడా తెగకుండా వలలా అల్లుకుని ఉంది.

డిటెక్టివ్ పిలిపిస్తే వచ్చిన బాబాయ్ ఆ వల చూసి, తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డిటెక్టివ్ అడగకముందే చెప్పాడు. చివరి కాల్పు తర్వాత లింకుల్ని వెంటనే నూనెలో చల్లార్చాలని పెద్దసారు రాసిచ్చారు. ఆ రోజు ఆయన ఊళ్లో లేరు. నూనెలో వేస్తే లింకులు వంకర పోతాయని, తలుపు మూసి ఫర్నేస్‌లోనే మర్నాటిదాకా వదిలేయమని చిన్నసారు చెప్పారు. ఆ మాట విన్నది బాబాయ్ ఒక్కడే.

“అలా మెల్లగా చల్లారితే ఉక్కులో ఉన్న మలినాలన్నీ అంచుల్లోకి చేరతాయి,” అంది అమ్మాయి, గొంతు తగ్గించి. “మెల్లగా లాగితే తెగదు. టెస్టుకి పంపినవి వేలంత సన్నటి ముక్కలు, విడిగా కాల్చి బయటికి తీసినవి, తొందరగా చల్లారిపోయాయి, వాటిలో ఈ వల ఉండదు. లింకు అరచేతి మందం. ఒక్క కుదుపు చాలు మేడమ్. గాజులా పోతుంది.”

“లిఫ్టు కిందికెళ్లాక బ్రేకు వేస్తే కుదుపొస్తుందా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అమ్మాయి అవునన్నట్టు తలూపింది.

డిటెక్టివ్ గని మేనేజరుకి ఫోన్ చేసి, సంగతి చెప్పకుండా ఒకటే అడిగింది. మొదటి ట్రిప్పు లిస్టులో ల్యాబు మనిషి పేరు ఎప్పుడు మారింది? ఆయన కాగితాలు తిరగేసి చెప్పాడు. నిన్నటి దాకా పెద్దసారు పేరే ఉంది. ఇవాళ పదీ నలభై ఎనిమిదికి చిన్నసారు నుంచి మెయిల్ వచ్చింది, పెద్దసారు రావడం లేదు, ఫర్నేస్ ఆపరేటర్ వస్తాడని.

ఆమె ఫోన్ పెట్టేసింది. శుభవార్త రావడానికి ఇరవై రెండు నిమిషాల ముందే ఆ మెయిల్ వెళ్లిపోయింది.

“ఆయన మీ అరెస్టు ఆపమని బతిమాలింది జాలితో కాదు బాబాయ్,” అంది. “ఆయన కాక లింకులు ఎలా చల్లారాయో తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు గొయ్యిలో పోయారు. రెండో మనిషి రేపు ఆరింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ లిఫ్టు ఎక్కాలి.”

“మిగతా నలభైమంది?” అన్నాడు బాబాయ్.

“వాళ్లు ఆయన లెక్కలో లేరు.”

బాబాయ్ ఒరిసిపోయిన అరచేతులు ఒడిలో పెట్టుకుని చూసుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఈ కేసులో ఆయన ఆమె వైపు మాట్లాడటం అదే మొదటిసారి. ఆ లింకులు ఇప్పుడు హత్య కేసులో సాక్ష్యమని, వాటిని స్వాధీనం చేసుకోవడానికి తనకి ఎవరి సంతకమూ అక్కర్లేదని అన్నాడు. తెల్లవారేదాకా గనిలోకి ఎవరూ దిగరు కాబట్టి లిఫ్టు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లని పెడితే చాలు. పొద్దున నాలుగింటికి గని ఫిట్టర్లతో పాత లింకులు మళ్లీ బిగించొచ్చు. ఆ తర్వాతే చిన్నసారుని పట్టుకెళ్లొచ్చు.

“పట్టుకెళ్తే ఏం చెప్తాడో మీరే అన్నారు,” అంది డిటెక్టివ్. “లింకులు మారిన సంగతి మేనేజరుకీ ఫిట్టర్లకీ మనకీ తప్ప ఎవరికీ తెలియకూడదు. బాబాయ్‌ని మీరు అరెస్టు చేయలేదని, రేపు లిఫ్టు ఎక్కుతున్నాడని చిన్నసారుకి ఇప్పుడే చెప్పండి. ఆరింటికి ఆయన అక్కడికొస్తాడు, అందరికీ చేతులూపడానికి. నలభైమంది చూస్తుండగా ముందు ఆయన్నే ఎక్కమందాం. పాసైన లింకుల కింద నిలబడటానికి భయపడేది అవి విరుగుతాయని తెలిసినవాడే. ఎందుకు ఎక్కవని అప్పుడు మనం అడగక్కర్లేదు, వాళ్లే అడుగుతారు.”

“ఎక్కేస్తే?”

“ఎక్కడు,” అన్నాడు కుంపటి బాబాయ్. కుర్చీలోంచి లేచాడు. “రేపు ఆరింటికి లిఫ్టు తలుపు నేనే తీస్తానమ్మా. ముందు నేనెక్కి, చెయ్యి చాచి, రండి చిన్నసారూ అని నేనే పిలుస్తాను.”